ట్రాక్టరు పోషణ – కాలిన ఆయిలు, పాత బ్యాటరీల విషయమై జాగ్రత్తలు

బండి ఇరుసునకు కందెన వేయుట మన పెద్దలకు తెలిసిన పనియే. ఆ కందెన నాలుగు చుక్కలు నేల బడినను పెద్ద నష్టము లేదు. నేడు వాకిట నిలిచిన ట్రాక్టరు సంగతి వేరు. దాని నుండి వెలువడు కాలిన ఆయిలు, ఫిల్టరు, పాత బ్యాటరీ, రేడియేటరు ద్రవము మన బావి నీటికిని, పశువులకును, పిల్లలకును ముప్పు తెచ్చునట్టివి.

పనికి ముందు

బండిని చదునైన నేలపై నిలిపి, ఇంజను ఆపి, తాళపు చెవి తీసి జేబులో వేసికొనవలెను. చేతి బ్రేకు వేసి, చక్రములకు రాళ్ళు అడ్డము పెట్టవలెను. పనిముట్టును నేలకు దించవలెను. పైకి లేపిన రోటవేటరు క్రింద దూరుట ప్రాణాపాయము. తలుపులు మూసిన కొట్టములో ఇంజను నడుపరాదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు, వాసన లేవు. తెలియకుండగనే ప్రాణము తీయగలదు. రేడియేటరు మూతను వేడి మీద తీయరాదు.

ఆయిలు మార్చుట

ఎన్ని గంటలకు మార్చవలెనో కంపెనీవారి పుస్తకములో నుండును. పలు ట్రాక్టర్లకు ఇది సుమారు 250 గంటలు. ఇంజను గోరువెచ్చగా నున్నప్పుడు ఆయిలును వెడల్పాటి పళ్ళెములోనికి దింపి, మూత గల డబ్బాలో పోసి, దానిపై పేరు వ్రాయవలెను. ఇందు డీజిలు, నీరు, పురుగుమందు కలుపరాదు. కలిపినచో తిరిగి శుద్ధి చేయుట కష్టమగును. ఫిల్టరును ఒక రాత్రి బోర్లించి ఆయిలు కార్చవలెను. నేలపై ఒలికినచో ఊకగాని, ఇసుకగాని చల్లి పీల్పించి, ఎత్తి, సంచిలో కట్టి ఆయిలుతోపాటే అప్పగింపవలెను.

మా తరగతికి వచ్చిన ఒక రైతు, "అయ్యా, గట్టు మీద పోస్తే భూమే తాగేస్తుంది గదా, ఏం పోయింది?" అని అడిగెను. భూమి త్రాగుటయే అసలు చిక్కు. వాన నీరు బావికి దిగు దారినే ఈ ఆయిలును దిగును. ఇంజను అరుగుదల వలన వచ్చిన లోహపు రేణువులు, ఇంధనము కాలగా పుట్టిన విష పదార్థములు అందులో నుండును. వాటిలో కొన్ని చర్మమునకు దీర్ఘకాలము తగిలినచో క్యాన్సరు కలిగింపగలవు. కావున చేతికి తొడుగులు వేసికొని, పని కాగానే సబ్బుతో కడుగుకొనవలెను. కొందరు గోమార్లు పోవునని ఈ ఆయిలును పశువులకు పూయుదురు. పశువు ఒడలు నాకినప్పుడు అది కడుపులోనికి పోవును. గోమార్లకు పశువైద్యుని మందే వాడవలెను. ఆయిలును పొయ్యిలో కాల్చుటయు తగదు.

బ్యాటరీ

ఇందు గంధకామ్లము, సీసము గలవు. విప్పునప్పుడు మైనస్ తీగను ముందు, బిగించునప్పుడు దానినే చివర పెట్టవలెను. లేనిచో స్పానరు బండి లోహమునకు తగిలి నిప్పురవ్వలు లేచును. చార్జి అగునప్పుడు హైడ్రోజను వాయువు వెలువడును; దగ్గర బీడీ కాల్చినచో పేలగలదు. ఆమ్లము కంటబడినచో వెంటనే కనీసము 15 నిమిషములు మంచి నీటితో కడిగి వైద్యుని కడకు పోవలెను. సీసము కొరకు ఇంటి వద్ద బ్యాటరీ పగులగొట్టి కరిగింపరాదు. ఆ పొగ పిల్లల మెదడు ఎదుగుదలను చెరచును. 2022 నాటి నిబంధనల ప్రకారము పాత బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారులదే. కొత్తది కొనునప్పుడు పాతది దుకాణములో ఇచ్చి వెల తగ్గింపు కోరవచ్చును.

రేడియేటరు కూలెంటు

ఇందుండు ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా నుండు విషము. బేసినులో పోసి వదలినచో కుక్కలు, దూడలు త్రాగి మూత్రపిండములు చెడి చనిపోవచ్చును. దీనిని వేరు డబ్బాలో మూత బిగించి ఉంచవలెను.

ఎవరికి అప్పగింపవలెను?

2016 నాటి నిబంధనలలో కాలిన ఆయిలు ప్రమాదకర వ్యర్థముగా చేర్చబడినది. సర్వీసు కేంద్రమునకుగాని, అనుమతి గల సేకరణదారునకుగాని ఇవ్వవలెను. ఒక రైతు వద్ద ఒకసారికి 6 నుండి 8 లీటర్లే రావచ్చును. అంతకొరకు ఎవరును రారు. పది ట్రాక్టర్లు గల ఊరిలో అదియే 60 నుండి 80 లీటర్లగును. సంఘము పక్షమున బావికి దూరముగా, సిమెంటు గచ్చుపై, నీడ పట్టున ఒక పీపా ఉంచి, నిండగానే కబురు చేయవచ్చును. వచ్చే ఆయిలు మార్పుకు ముందే ఊరివారు కూర్చుండి ఆ పీపా చోటు నిర్ణయించుకొనుట మంచిది.