కలబంద నాటడానికి శరత్కాలమే మేలు

తొలకరి పడగానే మొక్కలు నాటడం మనకు తరతరాలుగా వస్తున్న అలవాటు. ఆ అలవాటు చొప్పుననే నేనొక ఏడు ఆషాఢమాసంలో, గద్వాలలోని మా పెరటి నల్లరేగడిలో 12 కలబంద పిలకలు నాటాను. శ్రావణం ముగిసేసరికి 9 పిలకలు మొదళ్ళు మెత్తబడి, చేతితో తాకితేనే ఊడివచ్చాయి. నీరు చాలలేదేమోనని మిగిలిన మూడింటికీ మరికొంత పోశాను. అవీ పోయాయి. ఆ వేసవిలో మా అమ్మగారి చేతిపై వేడి గంజి ఒలికిననాడు పెరట్లో ఒక్క ఆకు కూడా లేకపోయింది.

వనపర్తి సమీపంలో చెలక నేలల పల్లెలో ఉండే మా మేనత్త ఈ సంగతి విని, "గది ఎండకు సావది బిడ్డా, నీళ్ళకు సస్తది. బతుకమ్మ పండుగ అయినంక పెట్టు" అన్నది. ఆ ఒక్క మాటలో ఎంత శాస్త్రమున్నదో నాకు తరువాత బోధపడింది.

కలబంద, రణపాల వంటి మొక్కలు దళసరి ఆకులలోనే నీటిని దాచుకొంటాయి. పగటివేళ ఆకు రంధ్రాలను మూసుకొని, రాత్రి చల్లదనంలో తెరచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకొంటాయి. అది తెల్లవారేవరకు ఆమ్లరూపంలో ఆకులో నిలువ ఉంటుంది. అందువల్లనే రణపాల ఆకు ఉదయం పుల్లగానూ, మధ్యాహ్నానికి చప్పగానూ ఉంటుంది. ఈ వింతను గురించి 1815లో ప్రచురితమైన లేఖ రాసిన బెంజమిన్ హైన్, అంతకుముందు మన సామర్లకోట వృక్షోద్యానాన్ని చూసుకొన్నవాడే! నేను కూడా చిన్న తునక నమిలి, ఉమ్మివేసి పరీక్షించాను. నిజమే.

ఇటువంటి మొక్కల వేళ్ళకు నిలువనీరు శత్రువు. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగే ఆశ్వయుజ కార్తికాలలో నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, పైతడి ఆరుతుంది. శీతల దేశాలలో కొండరాళ్ళ నడుమ పెరిగే మొక్కలను చలి ముదరకముందే వేళ్ళూనుకోవాలని శరత్తులో నాటుతారు. మన మొక్కలకు పరీక్ష చలి కాదు, గ్రీష్మం. ఇప్పుడు నాటినది ఎండలు ముదిరేలోగా నిలదొక్కుకొంటుంది.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో రేగడి ఉన్నవారు జానెడు ఎత్తున కట్ట పోసుకోవాలి. తట్టెడు మట్టికి తట్టెడు వాగు ఇసుక, అరతట్ట మొరం కలిపితే చాలు. వనపర్తి, నాగర్‌కర్నూలు చెలకలలో ఇంత శ్రమ అక్కరలేదు. తల్లిమొక్కనుంచి వేరుచేసిన పిలకను 2, 3 రోజులు నీడలో ఆరనిచ్చి, గాయం మానిన తరువాత నాటాలి. నాటిన వెంటనే నీరు పోయరాదు. 5 రోజులు ఆగాలి. సంక్రాంతి వరకు 10 రోజులకొక తడి సరిపోతుంది. పడమటి ఎండ తగలని గోడవార గాని, వేపచెట్టు పలుచని నీడ గాని శ్రేష్ఠం.

నల్లేరుకు ఇంత సేవ కూడా అవసరం లేదు. రెండు మూడు కణుపుల తీగను కంచె మొదట గుచ్చితే చాలు. నల్లేరుపై బండినడక అన్న సామెత ఊరకే పుట్టలేదు. లేత కాడల నారతీసి, నూనెలో బాగా వేయించి, చింతపండుతో పచ్చడి చేస్తారు. పచ్చిది నోటినీ చేతులనూ దురదపెడుతుంది. చేతులకు నూనె రాసుకొని కోయాలి. ఆయుర్వేదం దీనిని అస్థిసంహారమన్నది. అయినా ఎముక విరిగినప్పుడు ఎక్స్‌రే తీయించి వైద్యునిచేత కట్టించుకోవడమే ముందు పని.

శరత్తులో పిత్తం ప్రకోపిస్తుందని పెద్దలు చెప్పారు. కుమారి అని పేరున్న కలబంద శీతవీర్యం. అయితే ఆకు కోసినప్పుడు కారే పసుపుపచ్చని రసం తీవ్రమైన విరేచనకారి. ఎండబెట్టిన ముసాంబరం దానినుంచి వచ్చినదే. ఆ రసం కారిపోనిచ్చి, కడిగిన గుజ్జునే పైపూతకు వాడాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు లోపలికి తీసుకోరాదు. చిన్న కాలిన గాయాన్ని మొదట 20 నిమిషాలు పారే చల్లని నీటికింద ఉంచి, ఆ తరువాతనే గుజ్జు రాయాలి. బొబ్బలెక్కిన పెద్ద గాయమైతే ఆసుపత్రికే వెళ్ళాలి.

రణపాల ఆకును తేమనేలపై పరిస్తే అంచులనుంచే పిల్లమొక్కలు లేస్తాయి. పిల్లలకు అదొక వినోదం. కాని ఇందులో గుండెపై పనిచేసే విషపదార్థాలున్నాయి. పశువులు మేస్తే ప్రమాదం. మూత్రపిండాలలో రాళ్ళకని దీనిని రోజూ నమలడం నాకు సమ్మతం కాదు. పశువుల కొట్టానికి దూరంగా పెంచండి. కంచెకు కాడజెముడు పెట్టేవారు మరింత జాగ్రత్త వహించాలి. దాని పాలు కంటిలో పడితే చూపుకే ముప్పు. ధారాళంగా నీటితో కడిగి, వెంటనే కంటి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

మేనత్త మూటకట్టి ఇచ్చిన 4 పిలకలను ఆ ఏడు బతుకమ్మ పండుగ తరువాత కట్టపై నాటాను. నాలుగూ బతికాయి. నేడు మా వీధిలో ఆరేడు ఇళ్ళలో ఉన్నవి వాటి పిల్లలే.