చలికాలంలో శ్రీశైలం బ్యాక్‌వాటర్ చేపలు
చలికాలంలో గాలానికి చేప ఎందుకు పడదు? దానికి మనలా ఒంట్లో వేడి ఉండదు. నీళ్లు చల్లబడితే అదీ మందగిస్తుంది, తిండి త్వరగా అరగదు. అందుకే సోమశిల దగ్గర తెల్లారకముందే పుట్టి ఎక్కడం దండగ. ఎండెక్కి, ఒడ్డు పక్క నీళ్లు కాస్త వేడెక్కాక వెయ్యండి గాలం.

నన్ను భయపెట్టేది మాత్రం అలివి వల. కళ్లు మరీ సన్నం, నిషేధం ఉంది, అయినా లాగుతున్నారు. వానాకాలంలో వదిలిన బొచ్చె, రోహు పిల్లలు డిసెంబరుకి ఇంకా చిన్నవే కదా! ఒక్క లాగుడుకి అవన్నీ ఒడ్డున పడతాయి. పెరగనిస్తే కిలోల్లో తూగే చేపలండీ అవి, మామూలు వలతో బతికే మత్స్యకారుడి వేసవి సంపాదన. పైగా 885 అడుగుల నిండు మట్టం నుంచి నీళ్లు దిగేకొద్దీ లాగేవాళ్లకి పని ఇంకా సులువు.