పగ లేని పాము

సినిమా చూసినవాడి అసలు అభిప్రాయం హాల్లోంచి బయటికొచ్చేటప్పుడు తెలీదు. పక్కన స్నేహితులుంటారు, ఎవరి పరువు వాళ్ళు కాపాడుకోవాలి. అది అద్దెకు పట్టుకెళ్ళిన క్యాసెట్ తిరిగిచ్చే పొద్దుటిపూట తెలుస్తుంది. కంకిపాడులో నేను చాలా ఏళ్ళు వీడియో క్యాసెట్లు, ఆ తర్వాత సీడీలు అద్దెకిచ్చాను. క్యాసెట్ బల్లమీద పెట్టి, చిల్లర కోసం జేబు తడుముకుంటూ జనం అనే ఒక్క ముక్క నాకు పేపర్లో వచ్చే అరపేజీ సమీక్ష కన్నా ఎక్కువ పనికొచ్చేది. రెండో కాపీ తెప్పించాలో వద్దో దాన్నిబట్టే తేల్చుకునేవాణ్ణి.

అలా విన్నవాటిల్లో ఎప్పటికీ తెగని పంచాయితీ ‘అనకొండ’ది. 1997లో లూయిస్ లోసా తీసిన హాలీవుడ్ బొమ్మ. జెన్నిఫర్ లోపెజ్, ఐస్ క్యూబ్, జాన్ వాయిట్ ఉన్నారు. ఒక అడవి తెగ మీద డాక్యుమెంటరీ తీద్దామని కొందరు అమెజాన్ నదిలో పడవెక్కుతారు. దారిలో పాముల వేటగాడొకడు కలుస్తాడు. వాడికి నలభై అడుగుల పామును ప్రాణాలతో పట్టాలని పిచ్చి. ఆ తర్వాత ఏమవుతుందో చిన్నపిల్లాడైనా చెప్పగలడు.

ఆ ఏడాది చెత్త సినిమాలకిచ్చే రాజీ అవార్డుల నామినేషన్లలో దీని పేరుంది. అమెరికాలో పెద్ద విమర్శకుడు రోజర్ ఈబర్ట్ మాత్రం నాలుగు నక్షత్రాలకు మూడున్నర ఇచ్చాడు. 13 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. సినిమాలో ఒకచోట జలపాతం కిందినుంచి పైకి పోతుంది. పడవ వెనక్కి వెళ్ళే షాటు కావాల్సివచ్చి, తీసిన ముక్కనే తిరగేసి వాడారు, వెనకున్న నీళ్ళ సంగతి మర్చిపోయారు. మా ఊళ్ళో ఆ తప్పు పట్టుకున్నవాళ్ళు నాకెవరూ తగల్లేదు. మావాళ్ళు పట్టుకున్నవి వేరే.

కంకిపాడు చుట్టూ వరి. వరి ఉన్నచోట ఎలక, ఎలక ఉన్నచోట పాము. నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఇక్కడ పిల్లలకు కూడా తెలిసిన పేర్లు. అలాంటి జనం ముందు పాము సినిమా పెడితే పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దుతారు. తెర మీద పాము కీచుమని అరుస్తుంది. “పాము బుసకొడుద్దిగానీ అరుస్తదా?” అని మొదటి మార్కు కోసేశారు. నిజమే, పాముకి స్వరతంత్రులు లేవు. రెండోది మింగుడు సంగతి. సినిమాలో పాము ఒకణ్ణి మింగి, ఇంకొకరి కోసం వాణ్ణి కక్కేస్తుంది. కక్కినవాడు ఓ కన్ను గీటి మరీ చస్తాడు! పెద్ద వేటను మింగిన పాము రోజుల తరబడి కదలకుండా పడుంటుంది. బెదిరిస్తే కక్కుతుంది, అదీ పారిపోవడానికి ఒళ్ళు తేలిక చేసుకోవడం కోసమే. ఇంకో ముద్ద కోసం మొదటి ముద్ద కక్కే పాము హాలీవుడ్‌లోనే ఉంది. ఇక అసలు అనకొండకు విషమే లేదు, చుట్టుకుని బిగించి చంపుతుంది. ఇరవై అడుగులు దాటడం చాలా అరుదు.

నాట్లకీ కలుపులకీ వెళ్ళే ఓ అక్క ఇంటిల్లిపాదితో చూసి, మర్నాడు క్యాసెట్ ఇస్తూ అన్నమాట నాకిప్పటికీ గుర్తు. “అంత పెద్దదైతే ఆమడ దూరం నించే కనపడుద్ది గదయ్యా. కనపడందే మనల్ని కరిచేది.” కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద పడుకున్నవాణ్ణి కరిస్తే ఒక్కోసారి నొప్పి కూడా తెలీదు. ఆవిడ భయం కొలత అది.

చిత్రమేమిటంటే స్పీల్‌బర్గ్ 1975లో ‘జాస్’ తీసి ప్రపంచాన్ని వణికించింది సరిగ్గా ఈ సూత్రంతోనే. అదీ కావాలని కాదు. యంత్రపు షార్కు ఉప్పునీళ్ళలో దిగితే మాటిమాటికీ మొరాయించేది. గత్యంతరం లేక చేపను దాచి, నీళ్ళనీ జాన్ విలియమ్స్ సంగీతాన్నీ చూపించాడు. షార్కు పూర్తిగా కనపడేసరికి గంట దాటుతుంది.

అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు మాత్రం ఓ పెద్దరైతు తెచ్చాడు.

“బొమ్మ బానే ఉందబ్బాయ్. ఆ పాముకి వీళ్ళ మీద పగేంటి?”

“పగేం లేదు బాబాయ్. తినడానికే.”

“తినడానికైతే ఒకణ్ణి తింటే చాలదూ? ఇంతమంది వెంట పడిందంటే ఏదో ఉండాలి. తెలుగులో సరిగ్గా చెప్పుండరు.”

డబ్బింగులో కథ కోసేశారని ఆయన నమ్మకం. నేనెంత చెప్పినా వినలేదు.

మొదట్లో నవ్వుకున్నా, తర్వాత ఆలోచిస్తే మన పాము సినిమాల చరిత్రంతా ఆ ప్రశ్నలోనే ఉందనిపించింది. 1976లో రాజ్‌కుమార్ కోహ్లీ ‘నాగిన్’లో జోడుపామును కాల్చి చంపినందుకు ఆడపాము ఒక్కొక్కణ్ణీ చంపుతుంది. చచ్చేవాళ్ళు స్టార్లే అయినా జనం పాము పక్షాన నిలబడ్డారు. 1980లో ఏవీఎం వాళ్ళ ‘పున్నమి నాగు’లో చిరంజీవికి చిన్నప్పటినుంచీ తండ్రి తిండిలో విషం పెడతాడు. పెద్దయ్యాక పున్నమి రాత్రుల్లో అతని దగ్గరికొచ్చిన ఆడవాళ్ళు చచ్చిపోతుంటారు. పొరలు పొరలుగా ఒంటి చర్మం ఊడే సీను చూసి నిద్రపట్టని తరం మాది. అందులో చంపేవాడి మీద జాలి కలుగుతుంది, ఎందుకంటే కారణం ఉంది, పాపం తండ్రిది. 1999లో కోడి రామకృష్ణ ‘దేవి’కి వచ్చేసరికి పాము ఏకంగా దేవతై కాపలా కాసింది. చంపినా కాచినా మన పాము దగ్గర లెక్కాపత్రం ఉంటుంది.

పాము పగబడుతుందన్న నమ్మకానికి సైన్సులో ఆధారం లేదు. మనిషి మొహం గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ వచ్చేంత మెదడు దానికి లేదు. కానీ కథకు కావాల్సింది మెదడు కాదు, కారణం. అనకొండ దగ్గర అదే లేదు. బతిమాలలేం, మొక్కుకోలేం, పాలు పోయలేం. నాగులచవితికి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడికి వెళ్ళే మనిషికి, బేరానికి రాని పాము ఎదురైతే ఏం చేయాలో తోచదు. ఆ రైతు బాగా భయపడ్డాడనీ, ఆ భయానికే కారణం అడుగుతున్నాడనీ నా అనుమానం.

ఇక్కడో తమాషా. 1987లో ‘జాస్’ నాలుగో భాగం వచ్చింది. షార్కు ఒక కుటుంబం మీద పగబట్టి అమెరికా నుంచి బహామాస్ దాకా తరుముకుంటూ వస్తుంది. చేపకు పగేమిటని అక్కడి విమర్శకులు ఏకిపారేశారు. మా రైతు చేతిలో ఆ క్యాసెట్ పెట్టుంటే ఆ నాలుగింట్లోకీ అదొక్కటే కథలా ఉందనేవాడు. ‘జాస్’కు మూలమైన నవల రాసిన పీటర్ బెంచ్లీ మాత్రం షార్కుల మీద జనానికి ద్వేషం పెంచానేమోనని బాధపడి, తర్వాతి జీవితంలో వాటిని కాపాడాలని తిరిగాడు.

2012లో రాజమౌళి ‘ఈగ’ తీసినప్పుడు నా దుకాణం రూపు మారిపోయింది, రీచార్జిలూ జిరాక్సులూ నడుస్తున్నాయి. అయినా అలవాటు పోక, వచ్చినవాళ్ళందర్నీ అడిగాను. ఈగ మనిషిని చంపడమేంటని ఒక్కరూ అనలేదు. చూడబోతే అదీ ‘అనకొండ’ లాంటి కథే, జంతువు మనిషిని వెంటాడి చంపుతుంది. కాకపోతే నాని చచ్చి ఈగై పుట్టాడు, సుదీప్ మీద లెక్క తేల్చుకోవాలి. నలభై అడుగుల పామును నమ్మనివాళ్ళు గోరంత ఈగను గుడ్లప్పగించి నమ్మారు.

తెర బయట ఈ పగ లెక్క ప్రాణాల మీదికొస్తుంది. 2018 ఆగస్టులో దివిసీమలో వందమందికి పైగా పాముకాటు పడ్డారు. ప్రభుత్వమే మోపిదేవిలో సర్పశాంతి యాగం చేయించింది. యాగానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ వారమే నా దుకాణంలో ఇద్దరు, కరిచిన పామును వెతికి చంపకపోతే మళ్ళీ వస్తుందని గట్టిగా వాదించుకున్నారు. దాన్ని వెతికే అరగంటలో ఆసుపత్రికి చేరొచ్చు. మన దగ్గర వాడే విరుగుడు మందు నాలుగు ముఖ్యమైన విషసర్పాలకూ కలిపి చేసిందే కాబట్టి, చచ్చిన పామును సంచిలో పట్టుకెళ్ళాల్సిన పనీ లేదు. 2000 నుంచి 2019 దాకా దేశంలో సుమారు 12 లక్షలమంది పాముకాటుతో పోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. ఎక్కువగా పోయిన రాష్ట్రాల్లో మనదీ ఉంది. కరిచినవాటిలో ఒక్క పాముకైనా పగ లేదు, కాలు పడింది, కరిచింది.

ఇప్పుడు ‘అనకొండ’ టీవీలో వస్తే మా మనవళ్ళు పడీపడీ నవ్వుతారు, పాము రబ్బరుదని. నా ఓటు ఇప్పటికీ దానికే, అందులోనూ ఇంటర్వెల్ ముందు దాకా, పాము సరిగ్గా కనపడనంతసేపు. మా ఆవిడ ఒప్పుకోదు. ఆవిడ లెక్కలో ‘దేవి’ తర్వాతే ఏదైనా. రిమోట్ ఆవిడ చేతిలో ఉంటుంది.