అపొస్తలుడగు తోమా

సందేహించువాడనగానే మనకు తోమా స్ఫురించును. కాని యూదయకు మరల పోవుట ప్రాణాపాయకరమని తక్కిన శిష్యులు జంకగా, ప్రభువుతో గూడ మరణించుటకైన పోవుదమని పలికినవాడును ఇతడే. గాయములను చూడక నమ్మననెను. చూచినంతనే యేసును దేవునిగా నొప్పుకొనెను.

ఇతడు క్రీ. శ. 52లో మలబారు తీరమున దిగి, 72లో మైలాపురమున హతసాక్షి యయ్యెనని సంప్రదాయము. చరిత్రకారులలో నేకాభిప్రాయము లేకున్నను, కేరళమందలి తోమా క్రైస్తవులు తమ విశ్వాసమునకు ఇతని బోధయే మూలమందురు. మన యాంధ్రమునకు పొరుగున నున్న చెన్నపురిలో, ఇతని సమాధిగా నెంచబడు చోట, 1896లో ప్రతిష్ఠింపబడిన శాంతోము దేవాలయము కలదు. భారతదేశ పాలక పునీతుడుగా రోమను సభవారు జూలై 3వ తేదిని ఇతని పండుగ నాచరింతురు.

విద్యార్థులారా! ప్రశ్నించుట పాపము కాదు. సత్యము తెలిసిన పిమ్మటను దానిని అనుసరింపకుండుటయే దోషము.