ఏనుగు పేర శీతయాత్ర

1956 జనవరిలో జర్మనీలోని స్టుట్‌గార్ట్ చెంత, సోలిట్యూడ్‌లో కొందరు మోటారుసైకిలు ప్రియులు గడ్డకట్టు చలిలో ప్రయాణించి వచ్చి కలిసికొనిరి. పిలిచినవాడు ఎర్నెస్ట్ లెవర్కుస్ అను పత్రికా రచయిత. జుండాప్ కె.యస్. 601 బండికి 'ఆకుపచ్చ ఏనుగు' అని ముద్దుపేరు; ఆ సమ్మేళనమునకును ఏనుగు పేరే నిలిచినది.

విద్యార్థులు గమనింపదగిన విషయమొకటి కలదు. సున్న డిగ్రీల చలిలో గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవువాని చర్మమునకు అది దాదాపు మైనస్ 10 డిగ్రీలవలె తోచును. దేహమును అంటియున్న వెచ్చని గాలిపొరను ఎదురుగాలి ఊడ్చివేయుటయే కారణము. ముందుగా మొద్దుబారునవి వ్రేళ్లు. బ్రేకు నొక్కవలసినవియు అవియే! కావున నేర్పరియైన చోదకుడు పంతము విడిచి, దారిలో ఆగి చేతులు కాచుకొనును.

1989లో ఈ సమ్మేళనము బవేరియా అటవీప్రాంతమునకు మారినది. అచట మంచులో గుడారములు, వాని నడుమ నెగళ్లు. బండ్లను చూడవచ్చినవారికి తుదకు జ్ఞాపకముండునది, నెగడు చెంత జరిగి చోటిచ్చిన అపరిచితుడే కాదా!