నోవ్గొరోదు నగరపు పాత వీధులు

ఒక నగరముయొక్క చరిత్ర యెచ్చట వ్రాయబడియుండునని యెవరైన నడిగినచో, శాసనములందును, కోటగోడలందును, దేవాలయములందును అని మనము చెప్పుదుము. అది నిజమే. కాని కాలిక్రింది వీధియు నొక చరిత్రగ్రంథమేయని రష్యాదేశమందలి నోవ్గొరోదు నగరము ఋజువు చేయుచున్నది.

ఈ నగరము ఆ దేశపు వాయవ్యభాగమున, ఇల్మెను సరస్సునుండి వెడలు వోల్ఖొవ్ నదికి ఇరుగట్లను వ్యాపించియున్నది. పడమటి గట్టున కోటయు, సోఫియా దేవాలయమును, తూర్పుగట్టున పూర్వపు వర్తకుల పేటయు గలవు. సోఫియా దేవాలయము 1045 మొదలు 1050 వరకు రాతితో కట్టబడినది. కోటకు నేడున్న యెఱ్ఱ యిటుకగోడలు మాత్రము, 1478లో నగరము మాస్కో ప్రభువునకు లోబడిన పిమ్మట కట్టినవి.

అచ్చటి నేల బంకమన్ను, తేమ మెండు. వాన కురిసినను, మంచు కరగినను వీధులు బురదమయ మగుచుండెడివి. అందుచేత పూర్వులు వీధి పొడవున దూలములను పఱచి, వానిపై చీల్చిన పైను దుంగలను అడ్డముగ పేర్చి బాట వేసిరి. చెత్తయు, మన్నును చేరి ఇరుప్రక్కల నేల యెత్తు పెరుగగా, పాతబాటను తీసివేయకయే దానిపై క్రొత్తబాటను వేసిరి. ఈవిధముగ సుమా రిరువదేండ్ల కొకసారి జరుగుచుండెను. గత శతాబ్దమున ‘మహావీధి’ని త్రవ్వగా ఒకదానిపై నొకటిగ 28 బాటలు బయల్పడినవి! తేమతో నిండిన యా నేలలోనికి గాలి చొరదు గనుక కొయ్య క్రుళ్లలేదు.

వాని కాలము నెట్లు నిర్ణయించిరి? చెట్టు మ్రానులో ఏటేట నొక వలయ మేర్పడును. అనుకూలమైన యేట నది వెడల్పుగను, ప్రతికూలమైన యేట సన్నముగను ఉండును. ఈ వలయముల వరుసను దుంగ దుంగకు పోల్చి చూచి, అడుగుబాట 953లోను, పైబాట 1462లోను వేసినవని పండితులు తేల్చిరి.

ఆ బాటల నడుమనే 1951 జూలై 26వ తేదీన, గీతలు గల భూర్జపత్రపు తునక యొకటి దొరికెను. మన పూర్వులు తాటాకుపై గంటముతో వ్రాసినట్లే, ఆ నగరవాసులు భూర్జపత్రముపై మొనగల పుల్లతో గీచి వ్రాయుచుండిరి. నేటివరకు 1,100కు పైగా నిట్టి పత్రములు లభించినవి. అందు అప్పుల లెక్కలు, వ్యాపారపు జాబులు, కుటుంబ విషయములు గలవు. 1956లో దొరికిన కొన్ని, పదుమూడవ శతాబ్దమున నున్న ఓన్ఫిమను చిన్న బాలునివి. వాడు అక్షరములు వ్రాసి, మన గుణింతమువలెనే హల్లులకు అచ్చులను వరుసగ చేర్చి, విసుగు పుట్టినపుడు కాబోలు, గుఱ్ఱపురౌతు బొమ్మను గీచెను.

పనికిరాదని పాఱవేసిన యీ తునకలు నిలిచెను గాని, శాశ్వతముగ నుండవలెనని కట్టిన రాతికట్టడములు కొన్ని నిలువలేదు. 1941 ఆగస్టు మొదలు 1944 జనవరి వరకు నగరము జర్మను సేనల వశమున నుండెను. పొలిమేరయందలి నెరెదిత్సా దేవాలయము 1198లో కట్టినది. లోపలి గోడలన్నియు చిత్రములతో నిండియుండెను. అది 1941లో ఫిరంగిగుండ్ల దెబ్బలకు కూలిపోయెను. సోఫియా దేవాలయ శిఖరముపై నుండిన సిలువను స్పెయిను దేశపు సైనికులు కొనిపోయిరి. అది 2004లో గాని తిరిగి రాలేదు.

నెరెదిత్సా దేవాలయమును 1956–58 సంవత్సరములలో మరల కట్టిరి. యుద్ధమునకు పూర్వమే నిపుణులు దాని కొలతలను శ్రద్ధతో వ్రాసియుంచుటచేతనే యిది సాధ్యమయ్యెను. కాని గోడలతో రాలిన చిత్రములలో అధికభాగము మరల రాలేదు. కొలతలున్నందున గోడలు లేచెను. చిత్రకారుని చేతిని తిరిగి తెచ్చువా రెవరు?

విద్యార్థులారా! వీధి తన చరిత్రను తానే దాచుకొన్నది. కట్టడమునకు మాత్రము మనుష్యుని శ్రద్ధయే రక్షణ. పాత కట్టడమును చూచినప్పుడు దానిపై మీ పేరు చెక్కకుడు. దాని కొలతలను, ఆకారమును మీ పుస్తకములో వ్రాసికొనుడు. ఆ కాగితము ఒకనాడు రాతికంటె బలమైనది కావచ్చును.