గుడ్డుకు తగిలిన ఎండ... కండకు గుర్తుంటుంది!

మృగశిర కార్తె వచ్చిందంటే చాలు... ముషీరాబాద్ చేపల మార్కెట్లో కాలు పెట్టే సందుండదు. ఆ రోజు చేప ముక్క నోట్లో పడాల్సిందే! నగరానికి ఉత్తరాన గౌడవెల్లి, మేడ్చల్, శామీర్‌పేట వైపు ఊళ్లలో ఆ సందడి చెరువు గట్టు మీదికే వస్తుంది. రోహిణి ఎండలకు నీళ్లు అడుగంటాక వల వేసే రోజులవి. కొనేవాళ్లు బరువు చూస్తారు. మొప్పలెత్తి ఎరుపు చూస్తారు. ‘గింత మెత్తగున్నదేందన్నా’ అని బేరమాడతారు. కానీ ఆ కండలో చేప పుట్టిన నాటి వేడి కూడా రాసి ఉంటుందంటే నమ్ముతారా?

నమ్మాలి మరి. మన ఒంట్లో 37 డిగ్రీల పొయ్యి ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ట్యూనా లాంటి కొన్ని సముద్రపు జాతుల్ని పక్కనపెడితే చేపకు ఆ సౌకర్యం లేదు. నీళ్లెంత వేడిగా ఉంటే దాని ఒళ్లూ అంతే. మేడ్చల్ చుట్టుపక్కల మే నెల పగళ్లు 40 డిగ్రీలు దాటతాయి. చలికాలం రాత్రులు ఒక్కోసారి 10 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. చెరువు నీళ్లలో తేడా అంత ఉండదు గానీ చేపకు అదీ ఎక్కువే. దుప్పటి కప్పుకోలేదు, గట్టు మీది చింతచెట్టు నీడకు రాలేదు. అందుకని లోపలి యంత్రాన్నే మార్చుకుంటుంది.

జన్యువులు మారవు. వాటిలో ఏవి పనిచేయాలి, ఏవి ఊరుకోవాలన్నదే మారుతుంది. వంటల పుస్తకం ఒక్కటే, చలికాలంలో ఓ పేజీ, ఎండాకాలంలో మరో పేజీ తెరిచినట్టన్నమాట. మన చెరువుల్లో పెరిగే బంగారు తీగనే తీసుకోండి. టోక్యో విశ్వవిద్యాలయంలో షుగో వతాబే బృందం ఆ చేపల్ని కొన్నింటిని 10 డిగ్రీల నీళ్లలో, కొన్నింటిని 30 డిగ్రీల నీళ్లలో వారాల తరబడి ఉంచింది. కండను బిగించి వదిలే ప్రొటీను మయోసిన్. దాన్ని తయారుచేయడానికి చల్లని నీళ్లలో చేపలు ఒక రకం జన్యువుల్ని, వెచ్చని నీళ్లలోవి ఇంకో రకాన్ని ఎక్కువగా వాడుకున్నాయి. చలికి కండ బిగుసుకుపోకుండా మోటారునే మార్చేశాయి!

ఒక్క రాత్రి ముచ్చట

ఇది పెద్ద చేపల సంగతి. అసలు విచిత్రం గుడ్డులో ఉంది.

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో ఇయాన్ జాన్‌స్టన్ బృందం జీబ్రా చేపల గుడ్లను 22, 26, 31 డిగ్రీల నీళ్లలో పొదిగించింది. పిల్లలు బయటికొచ్చాక అన్నింటినీ దాదాపు ఒకే వేడిలో పెంచింది. అయినా తేడా పోలేదు! 26 డిగ్రీల్లో పొదిగినవాటి కండలో సుమారు 3,600 పోగులు తయారైతే, 22 డిగ్రీలవాటిలో 3,000, 31 డిగ్రీలవాటిలో 3,100 దగ్గరే ఆగిపోయాయి. 2009లో వచ్చిన ఫలితమిది. చేప ఓ సైజుకు వచ్చేదాకానే కొత్త పోగులు పుడతాయి. ఆ తర్వాత ఉన్నవి లావెక్కడమే.

అలాగని వేడైనా చలైనా చెరుపే చేస్తాయనుకోవద్దు. 2012లో గ్రాహం స్కాట్‌తో కలిసి జాన్‌స్టన్ చేసిన ప్రయోగంలో 22, 32 డిగ్రీల్లో పొదిగిన చేపలు పెద్దయ్యాక 16 డిగ్రీల చలికి అలవాటుపడి, 27 డిగ్రీలవాటికంటే దాదాపు 20 శాతం మెరుగ్గా ఈదాయి. చలికి వాటి కండలో ఎన్ని జన్యు సందేశాలు అటూ ఇటూ అయ్యాయనుకున్నారు? లెక్కకొచ్చిన 19,712లో 3,452! బాల్యంలో పడ్డ కష్టం కొన్ని చేపలకు పాఠమైందేమో.

జీబ్రా చేప అంగుళంన్నర ప్రాణి. రవ్వ, బొచ్చెలకు చుట్టమే అయినా దాని లెక్కలు వీటికి అక్షరాలా సరిపోవాలని లేదు. కానీ ప్రశ్న మాత్రం మన చెరువుదాకా వస్తుంది. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి బృందం హార్మోను సూదితో కార్పు చేపలను గుడ్లు పెట్టించింది. హేచరీల దారి తెరుచుకున్నది అప్పుడే. నేడు నీళ్లు 27, 28 డిగ్రీలుంటే రవ్వ, బొచ్చె గుడ్లు పొదగడానికి 14 నుంచి 18 గంటలు చాలు. అంటే ఒక్క రాత్రి ముచ్చట! ఆ రాత్రి ట్యాంకు నీళ్లెలా ఉన్నాయో చెరువులో పిల్లల్ని వదిలే మత్స్యకారుడికెలా తెలుస్తుంది? తెలంగాణలో 2016 నుంచి చెరువులకు ఉచితంగా చేపపిల్లలు ఇస్తూ వచ్చారు. 35-40 మిల్లీమీటర్లవి కొన్ని, 80-100 మిల్లీమీటర్లవి కొన్ని. గట్టు మీద కొలిచేది పొడవు, లెక్కపెట్టేది సంఖ్య. పుట్టిన రాత్రి వేడి ఏ రశీదులోనూ ఉండదు. వచ్చిన పిల్లలు ఎదగకపోతే ఏడాది కష్టం నీళ్లపాలయ్యేది మాత్రం సొసైటీ సభ్యులదే.

కొర్రమీను దారే వేరు

ఎండాకాలానికి ఇంకో చిక్కుంది. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది. 35 డిగ్రీలకు అది 7 మిల్లీగ్రాముల లోపే. వేడికి చేప ఒళ్లు ఎక్కువ గాలి అడుగుతుంది, నీళ్లేమో తక్కువిస్తాయి. తెల్లవారుజామున రవ్వలు పైకొచ్చి నోళ్లు తెరిచేది అందుకే.

కొర్రమీనుకు ఆ బాధ తక్కువ. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ఎంపికైన ఈ గట్టిపిండం నీటిపైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు. బ్యారక్‌పూర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఒడిశాలో ఓ వేడినీటి బుగ్గ పక్కన, 36 నుంచి 38 డిగ్రీల నీళ్లలో బతికే కొర్రమీన్లను పరీక్షించారు. వాటి కాలేయంలో వేడికి చెదిరే ప్రొటీన్లను సరిదిద్దే ‘హీట్ షాక్’ జన్యువులు జోరుగా పనిచేస్తున్నాయి. వాళ్లు చూసింది కాలేయాన్ని, కండను కాదు. అయినా ఆ వేడిలో అది ఎలా నెగ్గుకొస్తోందో కొంత అర్థమైంది.

మార్కెట్లో మిగతావన్నీ మంచుగడ్డల మీద పడుకుని ఉంటే, కొర్రమీను మాత్రం రెండు బిందెల నీళ్లున్న టబ్బులో ఎగురుతూనే ఉంటుంది. మృగశిర నాడు దాని ధరా అంతే ఎగురుతుందనుకోండి!